డిజిటల్ రేడియో సెట్టు కొనాలా, ఫోన్‌లో వింటే సరిపోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: హైదరాబాద్‌లో కొత్త కారు కొన్నారు, అందులో డిజిటల్ రేడియో ఉంది, ఆకాశవాణి గరగర లేకుండా వినిపించేసరికి అవనిగడ్డ దగ్గర పల్లెలో ఉంటున్న నాన్నగారికి కూడా అలాంటి సెట్టు కొనిద్దామనుకున్నారు. చూస్తే ధర పదివేలు పైమాటే. మీ బావగారేమో ఫోన్‌లో యాప్ ఉండగా ఆ సెట్టు దండగ అంటున్నారు. ఐదేళ్ళ తర్వాత ఈ రెండిట్లో ఏది మిగులుతుంది, ఎవరి మాట వినాలి అని అడిగారు.

సెట్టు ఇప్పుడైతే కొనకండి. అలాగని బావగారి మాట పట్టుకుని నాన్నగారి దగ్గరున్న పాత రేడియోని అటక ఎక్కించకండి. నేను రేడియో ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేసి రిటైరైనవాడిని, ఈ డిజిటల్ రేడియో కథని మొదటినుంచీ దగ్గరగా చూస్తున్నాను. సెట్టు ఎందుకు వద్దంటున్నానో, పాత రేడియో ఎందుకు ఉంచమంటున్నానో కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో ఒకదాన్నొకటి కలిపేసి మాట్లాడేవాళ్ళే ఎక్కువ.

మీ కారులో ఉన్నది డీఆర్ఎం అనే పద్ధతి. డిజిటల్ రేడియో మోండియాల్ అని దాని పూర్తి పేరు. పాత మీడియం వేవ్, షార్ట్ వేవ్ బ్యాండ్లలోనే పాటనీ మాటనీ అంకెలుగా మార్చి పంపుతుంది. దీనికి ఇంటర్నెట్‌తో సంబంధం లేదు, సిమ్ అక్కర్లేదు, డేటా ఖర్చు కాదు. ఆకాశవాణి 2009లో షార్ట్ వేవ్ మీద మొదలుపెట్టి, ఆ తర్వాత కొన్నేళ్ళలో దేశమంతటా 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డీఆర్ఎంకి సిద్ధం చేసింది. హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ కూడా ఆ జాబితాలోవే. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున డీఆర్ఎం పెట్టిన దేశం ఇంకొకటి లేదు. అంటే గాలిలోకి పంపే పని మనవాళ్ళు చేశారు, బాగానే చేశారు. కరెంటు ఖర్చులో కూడా లాభమే, ఎందుకంటే అదే ఊళ్ళను చేరడానికి పూర్తి డిజిటల్ ప్రసారానికి పాత పద్ధతి కంటే చాలా తక్కువ పవర్ చాలు.

మరి తేడా ఎక్కడ వచ్చిందంటే, దుకాణంలో. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసిన రోజున వినడానికి జనం చేతిలో సెట్టు లేదు. మన మార్కెట్‌కి వచ్చిన సెట్లు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని, అవి కూడా మామూలు రేడియో ధరకి పది రెట్లు. సెట్లు అమ్ముడుపోవు కాబట్టి ఎక్కువగా తయారు చేయరు, ఎక్కువగా తయారు చేయరు కాబట్టి ధర దిగదు, ధర దిగదు కాబట్టి ఎవరూ వినరు, వినేవాళ్ళు లేరు కాబట్టి ప్రత్యేకంగా డిజిటల్ కోసం కార్యక్రమాలు తయారు చేయడానికి ఎవరికీ ఉత్సాహం ఉండదు. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగితే తప్ప ముందుకు పోదు. మన దేశంలో అది కొంచెం తెగింది కార్ల దగ్గరే. మారుతీ, హ్యుందాయ్, మహీంద్రా లాంటి కంపెనీలు కొన్ని మోడళ్ళలో డీఆర్ఎం పెట్టి అమ్మాయి, అలా లక్షల కార్లు రోడ్డెక్కాయి. విచిత్రమేమిటంటే ఆ కార్లు నడిపేవాళ్ళలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. మీరు గమనించారంటేనే సంతోషంగా ఉంది.

కారులో బాగా వినిపించింది కాబట్టి ఇంట్లోనూ అలాగే వినిపిస్తుందని అనుకోవద్దు. కారు పైన ఏరియల్ బయట గాలిలో ఉంటుంది, చుట్టూ ఎలక్ట్రికల్ గోల తక్కువ. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్సు, ఇవన్నీ మీడియం వేవ్ బ్యాండ్‌లోకి గోల చిమ్ముతూనే ఉంటాయి. ఈ పాతికేళ్ళలో మీడియం వేవ్‌ని చంపిన వాటిలో ఎఫ్‌ఎం ఒకటైతే ఈ చౌకబారు పవర్ సప్లైలు రెండోది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పాత రేడియోలో ఆ గోల వెనకాల మాట వినిపిస్తూనే ఉంటుంది, చెవి పెట్టి వింటే వార్త అర్థమవుతుంది. డిజిటల్‌కి ఆ వెసులుబాటు లేదు. సిగ్నల్ ఒక హద్దు పైన ఉన్నంతసేపు స్టూడియోలో కూర్చుని విన్నట్టు ఉంటుంది, హద్దు కిందికి దిగిందా, మాట ముక్కలై పూర్తిగా ఆగిపోతుంది. ఫ్లైఓవర్ కిందకి వెళ్ళినప్పుడు కారులో మీకు ఇది ఎదురై ఉంటుంది. పైగా చాలాచోట్ల పాతదీ కొత్తదీ ఒకే ట్రాన్స్‌మిటర్ మీద పక్కపక్కన పంపుతారు, పాత సెట్లు ఉన్నవాళ్ళని వదులుకోలేరు కదా, అందుకని పవర్‌లో పెద్ద వాటా పాతదానికే పోయి డిజిటల్‌కి తక్కువ మిగులుతుంది. రాత్రి అయితే ఇంకో చిక్కు, మీడియం వేవ్ తరంగాలు పైన ఆకాశంలోని పొరకి తగిలి తిరిగి వచ్చి, నేలమీదుగా వచ్చినవాటితో కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, ట్రాన్స్‌మిటర్‌కి కొంచెం దూరంగా ఉన్న ఊళ్ళలో అది బాగా తెలుస్తుంది. మీ నాన్నగారి ఊరు విజయవాడకి అరవై డెబ్భై కిలోమీటర్లు. పగలు ఫర్వాలేదనుకున్నా, పదివేలు పెట్టిన సెట్టు ఇంటి మధ్యగదిలో రాత్రి ఏడింటికి ఎలా పలుకుతుందో ముందే హామీ ఇవ్వలేం.

ఇక ప్రపంచంలో ఏం జరిగిందో చూస్తే మీ ఐదేళ్ళ ప్రశ్నకి జవాబు కొంత దొరుకుతుంది. యూరప్‌లో డీఆర్ఎం కాదు, డాబ్ అనే వేరే పద్ధతి. ఒకే ట్రాన్స్‌మిటర్ మీద పదీ పదిహేను స్టేషన్లని మూటగట్టి పంపుతుంది. బీబీసీ 1995లోనే మొదలుపెట్టింది. నార్వే 2017 జనవరిలో ఉత్తరాన ఉన్న నూర్‌లాండ్ నుంచి మొదలుపెట్టి అదే ఏడాది డిసెంబర్‌కల్లా జాతీయ స్టేషన్లన్నిటినీ ఎఫ్‌ఎం నుంచి తీసేసింది, అలా చేసిన మొదటి దేశం అదే. వాళ్ళకి దానికి గట్టి కారణం ఉంది. కొండలు, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన లోయలు, జనం పలుచగా ఉన్న దేశం. ఎఫ్‌ఎంలో ఐదు జాతీయ ఛానెళ్ళని మూలమూలకీ చేర్చడానికే లెక్కలేనన్ని ట్రాన్స్‌మిటర్లు కావాలి, డాబ్‌లో అయితే ఇరవైకి పైగా ఛానెళ్ళు పట్టాయి. అప్పుడు కూడా చిన్న చిన్న స్థానిక స్టేషన్లు ఎఫ్‌ఎంలోనే ఉండిపోయాయి. కారులో సెట్టు లేనివాళ్ళు అడాప్టర్లు కొనుక్కోవాల్సి వచ్చి చాలా విసుక్కున్నారు. స్విట్జర్లాండ్‌లో ప్రభుత్వ రంగ రేడియో 2024 డిసెంబర్ 31న ఎఫ్‌ఎం ఆపింది, ఆపాక వినేవాళ్ళు గట్టిగానే తగ్గారు. అదే ఐర్లాండ్‌లో ప్రభుత్వ రేడియో 2021లో డాబ్‌నే మూసేసి ఎఫ్‌ఎంనీ ఇంటర్నెట్‌నీ ఉంచుకుంది. ఫిన్లాండ్ 2005లో, పోర్చుగల్ 2011లో డాబ్‌కి దండం పెట్టేశాయి. కెనడా కూడా మొదలుపెట్టి వదిలేసింది. బ్రిటన్ ఎఫ్‌ఎంని కనీసం 2030 దాకా ఉంచుతామంది.

టెక్నాలజీ అందరికీ ఒకటే, మరి ఒకచోట నిలబడి ఇంకోచోట పడిపోవడానికి కారణం ఏమిటని చూస్తే, సెట్టు జనం చేతిలోకి వచ్చేదాకా ఎవరో ఒకరు పట్టుబట్టి నిలబడ్డారా లేదా అన్నదే. యూరోపియన్ యూనియన్‌లో 2020 డిసెంబర్ నుంచి కొత్త కార్లలో రేడియో ఉంటే అది డిజిటల్ కూడా పట్టుకోవాలని నిబంధన పెట్టారు. ఆ ఒక్క నిబంధన డాబ్‌కి చేసిన మేలు వంద ప్రకటనలు చేయలేదు. మన దగ్గర అలాంటిది లేదు.

మనకి దీనికంటే దగ్గరి పాఠం వరల్డ్‌స్పేస్. కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చే డిజిటల్ రేడియో అది, 2000లో ఆసియా కోసం ఉపగ్రహం ఎగరేశారు, ఏ.ఆర్. రెహమాన్ దానికి సిగ్నేచర్ ట్యూన్ చేశారు, తెలుగు పాటలకి స్పందన అని ప్రత్యేకంగా ఒక ఛానెల్ ఉండేది. ఘంటసాల పాట మధ్యలో ఒక్క ప్రకటన లేకుండా, సీడీ పెట్టినంత స్పష్టంగా వినిపించేది. ఆ ఛానెల్ కోసమే సెట్టు కొన్నవాళ్ళు మనలో ఎంతోమంది. దానికి అన్నిటికంటే ఎక్కువ చందాదారులు మన దేశంలోనే, నాలుగు లక్షలకి పైగా. కంపెనీ 2008లో దివాలా తీసింది, 2009 డిసెంబర్ 31తో ఇక్కడ ప్రసారం ఆగిపోయింది. ఆ మర్నాటినుంచి ఆ సెట్లు ఎందుకూ పనికిరాలేదు, వేరే ఏ స్టేషనూ వాటిలో రాదు. ఒకే సంస్థ పంపేదాన్ని మాత్రమే పట్టుకునే సెట్టు కొనేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోవాలి. ఇప్పుడు డీఆర్ఎం పరిస్థితి అంత అన్యాయం కాదు, ఆ సెట్లలో మామూలు ఎఫ్‌ఎం, మీడియం వేవ్ కూడా వస్తాయి. కానీ ఆ మామూలు రెండూ వెయ్యి రూపాయల సెట్టులోనూ వస్తాయి కదా.

ఇప్పుడు కొత్త కబురు ఒకటుంది, దాన్ని చూసి కూడా తొందరపడొద్దు. 2025 అక్టోబర్‌లో టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రైవేటు ఎఫ్‌ఎం వాళ్ళకి డిజిటల్ ప్రసారాల గురించి సిఫారసులు ఇచ్చింది. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైతో పాటు హైదరాబాద్, బెంగళూరు లాంటి మరో తొమ్మిది నగరాల్లో మొదలుపెట్టమంది. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఇప్పుడున్న మామూలు ఎఫ్‌ఎం ఒకటి, దాని పక్కనే మూడు డిజిటల్ ఛానెళ్ళు, ఒక డేటా ఛానెల్ పంపవచ్చట. ఆలోచన మంచిదే. ఇప్పుడు ఒకే నగరంలో ప్రైవేటు స్టేషన్ల మధ్య 800 కిలోహెర్ట్జ్ ఖాళీ వదలాల్సి వస్తోంది, ఆ ఖాళీని వాడుకోవచ్చు. దేశమంతా ఒకే పద్ధతి ఉండాలని కూడా చెప్పింది, ఇది నేను గట్టిగా సమర్థిస్తాను, రెండు పద్ధతులు పెడితే సెట్లు తయారు చేసేవాడు రెండిటికీ దూరంగా జరుగుతాడు. అయితే ఎఫ్‌ఎం బ్యాండ్‌లో డీఆర్ఎంనీ, అమెరికాలో వాడే హెచ్‌డీ రేడియోనీ రెండూ మన దగ్గర పరీక్షించి చూశారు. రెండిట్లో దేన్ని ఖాయం చేస్తే అది పట్టుకునే సెట్టే రేపు పనికొచ్చేది. ఈ రోజు కొన్న డీఆర్ఎం సెట్టు రేపటి ప్రైవేటు డిజిటల్ స్టేషన్లని పట్టుకుంటుందన్న భరోసా లేదు. మీ కారు సంగతీ అంతే, మీడియం వేవ్‌లో డీఆర్ఎం వస్తోంది కాబట్టి ఎఫ్‌ఎం బ్యాండ్‌లోనూ వస్తుందని అనుకోకండి, మోడల్‌ని బట్టి ఉంటుంది, షోరూమ్‌లో కాకుండా మాన్యువల్‌లో చూసుకోండి. వీటన్నిటికీ తోడు, నాన్నగారి పల్లె ఆ పదమూడు నగరాల దరిదాపుల్లో లేదు.

ఈలోపు మామూలు ఎఫ్‌ఎం ఇంకా ముందుకే పోతోంది. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఛానెళ్ళ వేలానికి ఒప్పుకుంది. మచిలీపట్నం, ఏలూరు, ఒంగోలు, అనంతపురం, కరీంనగర్, ఖమ్మం, నల్లగొండ, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఒకపక్క పాత ఎఫ్‌ఎంని ఇన్ని ఊళ్ళకి విస్తరించాలని చూస్తూ ఇంకోపక్క నాలుగైదేళ్ళలో దాన్ని ఆపేస్తారని నేను అనుకోను.

బావగారి వాదన దగ్గరికి వద్దాం. వినడం వరకు చూస్తే ఇంటర్నెట్ గెలిచేసింది, ఇందులో వాదన అక్కర్లేదు. 2016లో జియో వచ్చాక డేటా ధర పడిపోయింది, పల్లెలో పాలు పోసే కుర్రాడి జేబులో కూడా స్మార్ట్‌ఫోన్ ఉంది. ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ, హైదరాబాద్, విశాఖ, కడప, అన్నీ వినొచ్చు. అమెరికాలో ఉన్న తెలుగువాడు పొద్దున్నే విజయవాడ వివిధ భారతి పెట్టుకుని వంట చేసుకుంటున్నాడు, ఏ ట్రాన్స్‌మిటర్ వల్లా అది అయ్యే పని కాదు. కాలిఫోర్నియాలో కూర్చుని కిరణ్ ప్రభగారు చెప్పే టాక్ షోలు గుంటూరులో రిటైరైన మాస్టార్లు వింటున్నారు. ఒక మనిషి ఒక రచయిత గురించి గంటలకి గంటలు, భాగాలు భాగాలుగా చెబితే జనం వింటారని ఏ ఎఫ్‌ఎం ప్రోగ్రామ్ మేనేజరూ ఒప్పుకుని ఉండేవాడు కాదు. ఇంటర్నెట్ దాన్ని రుజువు చేసి చూపించింది. నచ్చినప్పుడు, నచ్చినచోట ఆపుకుని, మళ్ళీ వినగలగడం చిన్న విషయం కాదు.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. మన ప్రైవేటు ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నవి ఉన్నట్టుగా వేసుకోవచ్చు, అంతే. అదే ఊళ్ళో ఒక కుర్రాడు యూట్యూబ్‌లో ఛానెల్ పెట్టి మండల వార్తలు చెప్పొచ్చు. దాంతో ఎఫ్‌ఎంకి మిగిలింది సినిమా పాటలు, వాటి మధ్య కబుర్లు, ప్రకటనలు. సరిగ్గా సినిమా పాటల దగ్గరే ఫోన్‌కి ఎదురులేదు. ఊరి వార్తలు సొంతంగా చెప్పే హక్కు లేని రేడియోని పాటలతో ఫోన్ మీద పోటీ పడమన్నాం, అది ఓడిపోతుంటే రేడియోకి కాలం చెల్లిందంటున్నాం. డిజిటల్‌లో మూడు ఛానెళ్ళు కాదు, ముప్ఫై ఇచ్చినా అన్నిట్లోనూ అవే పాటలు వేస్తే ఎవరు కొత్త సెట్టు కొంటారు? విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఏ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, పడవలు ఎక్కడున్నాయి, మంచినీళ్ళు ఎక్కడ ఇస్తున్నారు అని గంట గంటకీ చెప్పగలిగే స్టేషన్ ఊరికొకటి ఉంటే రేడియోకి భవిష్యత్తు ఉందా అని ఎవరూ అడగరు.

ఇంటర్నెట్‌కి ఉన్న రెండో వైపు ఖర్చు. ట్రాన్స్‌మిటర్ దగ్గర ఒకడు విన్నా కోటిమంది విన్నా కరెంటు బిల్లు ఒకటే. ఇంటర్నెట్‌లో ప్రతి మనిషికీ విడిగా ఒక ప్రవాహం పంపాలి. 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు) దగ్గర లెక్కేస్తే గంటకి సుమారు 29 ఎంబీ, ఒక్క మనిషికి అది లెక్కలోది కాదు, నాన్నగారు రోజుకి నాలుగు గంటలు విన్నా సుమారు 115 ఎంబీయే. అదే లక్షమంది ఒక గంట వింటే దాదాపు 2,900 జీబీ. ఈ బిల్లు స్టేషన్‌ది. వినేవాళ్ళు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగే వ్యాపారం ఇది. చిన్నవాళ్ళు సొంత సర్వర్ పెట్టుకోలేక పెద్ద ప్లాట్‌ఫారాల పంచన చేరతారు, అవి ఉన్నన్నాళ్ళే వీళ్ళూ ఉంటారు. మన దేశంలో కోట్లమంది వాడిన వింక్ మ్యూజిక్ మూసేశారు, గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ మూసేశారు, రెండూ 2024లోనే. ఎవరు ఏం వింటున్నారో ఆ ప్లాట్‌ఫారాలకి అంతా తెలుస్తుంది, రేడియోకి తెలియదు. ఆ తెలియకపోవడం నా దృష్టిలో రేడియోకి ఉన్న పెద్ద గుణం.

అన్నిటికంటే ముఖ్యమైనది తుఫాను. దివిసీమ వాళ్ళకి నేను చెప్పేదేముంది, 1977 నవంబర్ 19 ఆ ఊళ్ళలో ఇప్పటికీ ఇంటింటి జ్ఞాపకం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు అంత పెద్ద నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. సెల్ టవర్‌కి కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది, ఆ తర్వాత డీజిల్ జనరేటర్, ఆ డీజిల్ తెచ్చే లారీకి రోడ్డు మీద చెట్లు పడి ఉంటాయి. టవర్ నిలబడ్డా దాన్ని మిగతా నెట్‌వర్క్‌తో కలిపే ఫైబర్ ఎక్కడో తెగుతుంది. ఫోన్‌లో యాప్ ఉంది, చార్జింగూ ఉంది, సిగ్నల్ లేదు. పెద్ద రేడియో స్టేషన్‌కి అయితే ఒక్క ట్రాన్స్‌మిటర్, దానికి గట్టి జనరేటర్, డీజిల్ నిల్వ. ఆ ఒక్కచోటు నిలబడితే చాలు, వంద కిలోమీటర్ల లోపల రెండు సెల్స్ వేసిన ప్రతి రేడియో పలుకుతుంది. వేటకెళ్ళిన పడవలకి తీరం నుంచి కొంతదూరం పోయాక ఫోన్ అందదు, మీడియం వేవ్ మాత్రం ఉప్పునీటి మీద నేల మీద కంటే ఎంతో దూరం సాగుతుంది, అది దాని స్వభావం. మీడియం వేవ్ పాతబడిందని మూసేయమనేవాళ్ళు ఒకసారి గిలకలదిండి హార్బర్‌కి వెళ్ళి పడవల వాళ్ళతో మాట్లాడి రావాలి.

డిజిటల్ రేడియోకి నిజంగా బలమైన వాదన కూడా ఇక్కడే ఉంది. డీఆర్ఎంలో హెచ్చరిక సదుపాయం ఉంది. తుఫాను హెచ్చరిక పంపితే, దానికి తగ్గట్టు తయారుచేసిన సెట్టు వేరే స్టేషన్ మీద ఉన్నా హెచ్చరిక ఛానెల్‌కి మారుతుంది, స్టాండ్‌బైలో ఉన్నా తనంతట తాను మోగుతుంది, తెర మీద తెలుగులో అక్షరాలు చూపించగలదు, చెవిటివాళ్ళకి కూడా పనికొస్తుంది. తీరప్రాంతంలో ప్రతి పంచాయతీ ఆఫీసుకీ, ప్రతి తుఫాను షెల్టర్‌కీ, ప్రతి మరపడవకీ ప్రభుత్వమే అలాంటి సెట్టు ఒకటి కొనిస్తే లక్షల సంఖ్యలో ఆర్డరు వస్తుంది, ధర దానంతట అదే దిగుతుంది, నేను ముందు చెప్పిన చక్రం తెగుతుంది. ట్రాన్స్‌మిటర్ల మీద పెట్టిన డబ్బుతో పోలిస్తే అదేమంత పెద్ద ఖర్చూ కాదు. నేను పనిచేసిన రోజుల్లో ఈ మాట చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. పడవలో ఇవ్వాల్సిన సెట్టుని ఎయిర్ కండిషన్డ్ కారులో పెట్టాం.

చిన్న స్టేషన్ల సంగతి ఒక్క మాట. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంగం రేడియో ఉంది, 2008 నుంచి దళిత మహిళలే నడుపుతున్నారు, 90.4 మెగాహెర్ట్జ్. ఇలాంటి కమ్యూనిటీ రేడియో ట్రాన్స్‌మిటర్ పవర్ మామూలుగా 50 వాట్లు, చుట్టూ పది పన్నెండు కిలోమీటర్లు వినిపిస్తుంది. వాళ్ళ విత్తనాలు, వాళ్ళ పండగలు, వాళ్ళ యాసలో. రేపు అంతా డిజిటల్ చేయాలని ఎవరైనా పట్టుబడితే ముందు దెబ్బ తగిలేది ఇలాంటివాళ్ళకే, కొత్త పరికరాలకి డబ్బు ఎక్కడిది, వినే ఆడవాళ్ళు కొత్త సెట్లు ఎక్కడ కొంటారు? నార్వే అంతటి దేశమే స్థానిక స్టేషన్లని ఎఫ్‌ఎంలో వదిలేసిందంటే కారణం ఇలాంటిదే.

కాబట్టి ఐదేళ్ళ మాట నా అంచనా ఇదీ. పట్నాల్లో ఇష్టపడి వినే పాట, కబురు, కథ, ఇవన్నీ ఇంటర్నెట్‌కే పోతాయి, చాలావరకు పోయాయి కూడా. మామూలు ఎఫ్‌ఎం ఉంటుంది, ముఖ్యంగా కార్లలో, దుకాణాల్లో, చిన్న పట్టణాల్లో. ఎఫ్‌ఎం బ్యాండ్‌లో డిజిటల్ హైదరాబాద్ లాంటి చోట్ల మొదలవుతుంది, అది బతకాలంటే ఫోన్లలో రావాలి, అది మాత్రం కష్టం. మామూలు ఎఫ్‌ఎం చిప్ ఫోన్‌లో ఉన్నా దాన్ని వాడుకోనివ్వకుండా అమ్ముతున్న కంపెనీలున్నాయి, తెరిచి ఉంచమని 2023లో కేంద్రం సలహా ఇవ్వాల్సి వచ్చింది, ఐఫోన్‌లో ఇప్పటికీ ఎఫ్‌ఎం రాదు. అలాంటివాళ్ళు డిజిటల్ రేడియోకి చోటిస్తారని ఎలా నమ్ముతాం? మీడియం వేవ్ డీఆర్ఎం మాత్రం కార్లకి పరిమితమై అలా మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, ప్రభుత్వం సెట్ల విషయం పట్టించుకుంటే తప్ప. ఇది అంచనాయే, విధాన నిర్ణయం ఒక్కటి గట్టిగా తీసుకుంటే మారిపోవచ్చు, మారాలనే కోరుకుంటున్నాను.

ఇక నాన్నగారికి ఏం కొనాలో చెబుతాను. ఎఫ్‌ఎం, మీడియం వేవ్ రెండూ ఉండి, సెల్స్ మీద నడిచే మామూలు పెద్ద సెట్టు తీసుకోండి, రెండువేల లోపు మంచిదే వస్తుంది. చార్జింగ్ ఒక్కటే ఉన్న సెట్టు వద్దు, తుఫానులో నాలుగో రోజుకి చేతులెత్తేస్తుంది, కొట్లో దొరికే సెల్స్ పట్టేదే కావాలి. ట్యూనింగ్ ముల్లు తిప్పేది అయితే పెద్దవాళ్ళకి సులువు. పాత సెట్టు పనిచేస్తుంటే అదీ ఉంచండి.

ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక గంట కేటాయించి ఇలా చూడండి. పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి 837 దగ్గర పెట్టి వినండి. గోల వస్తుంటే ఇంట్లో మెయిన్ స్విచ్ ఒక్క నిమిషం ఆపండి, గోల పోయిందంటే అది మీ ఇంట్లోదే, ఏ బల్బుదో ఏ చార్జర్‌దో ఒక్కొక్కటే వేసి కనిపెట్టొచ్చు. సెట్టుని నిలువుగా ఉన్నచోటే గుండ్రంగా తిప్పి చూడండి, మీడియం వేవ్‌కి ఏరియల్ లోపలి ఫెర్రైట్ కడ్డీయే, పైకి లాగే ఏరియల్ కాదు, దిశ మారితే చాలా తేడా వస్తుంది. ఎఫ్‌ఎంలో 102.2 మీద విజయవాడ రెయిన్‌బో వస్తుందేమో చూడండి. సన్నగా వస్తుంటే రెండు రాగితీగ ముక్కలు, ఒక్కోటి 70 సెంటీమీటర్లు, ఎదురెదురుగా వెదురుబద్దకి కట్టి మధ్యలోంచి కోయాక్సియల్ కేబుల్ కిందికి దించండి. కేబుల్ టీవీకి వాడేదే చాలు. మధ్య తీగ ఒకదానికి, పైన జాలీ రెండోదానికి. డాబా మీద ఎత్తుగా, వెడల్పు వైపు విజయవాడకి ఎదురుగా ఉండేట్టు కట్టండి. కేబుల్ కింది చివర మధ్య తీగని సెట్టు ఏరియల్‌కి క్లిప్పుతో తగిలించండి. ఉరుములప్పుడు తీసేయమని నాన్నగారికి మరీ మరీ చెప్పండి.

దాంతోపాటు ఆయన ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ వేసి, విజయవాడ స్టేషన్ ఒక్క నొక్కుతో వచ్చేలా పెట్టి, ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ ఇవ్వండి. మామూలు రోజుల్లో ఆయన ఎక్కువగా వినేది అదే అవుతుంది, ఆ మేరకు మీ బావగారి మాట సరైనదే. మీ కారులో మాత్రం 738 వదలకండి, ఊరికి వెళ్ళేటప్పుడు సూర్యాపేట దాకా ఎంతవరకు ఆగకుండా వస్తోందో, ఎక్కడ తెగుతోందో చూసుకోండి. ఆ వివరం, నాన్నగారి ఊళ్ళో పగలూ రాత్రీ ఏమొచ్చిందన్న వివరం రెండూ చెబితే ఏరియల్ విషయంలో ఇంకా ఏమైనా మార్చాలేమో చూద్దాం.